బంగళా వంటావిడ ప్రార్థన

ఆవిడ పేరు అడగలేదే అని ఇప్పటికీ నొచ్చుకుంటాను. దర్శి దారిలో పొగాకు దొరలు కట్టిన పాత బంగళా ఒకటి ఇప్పుడు హోటలయింది. ఆవిడ అక్కడ వంట చేసేది. వెళ్లిపోయే అతిథుల్ని కారు దగ్గర ఆపి, తలమీద కొంగు కప్పుకుని, బానెట్ మీద చెయ్యి వేసి ప్రార్థన చేస్తే గాని గేటు తీయనిచ్చేది కాదు.

మేం వెళ్లింది మా పెళ్లిరోజుకి. దారి తప్పినా మా ఆయన ఎవర్నీ అడగనన్నాడు. చీమకుర్తి రాళ్ల లారీల వెనక రెండు గంటలు దుమ్ము తిన్నాం. నేనూ ఒక మాట ఎక్కువే అన్నాను. అంత అందమైన గదిలో, దొరల నాటి పందిరిమంచం మీద చెరో వైపు తిరిగి పడుకున్నాం.

పొద్దున్నే ఆవిడ కారుకి అడ్డంగా నిలబడి, "కళ్లు మూసుకోండి, ఇద్దరూను" అంది. మూసుకున్నాం.

"తండ్రీ, నీకు స్తోత్రం. ఈ బిడ్డలు నిన్నట్నుంచి మాట్లాడుకోవట్లేదు. అయ్యగారు వంటింట్లోకొచ్చి, ఆమెకి కారం పడదు, పప్పులో తగ్గించమన్నారు. ఆయన అటెళ్లగానే అమ్మగారొచ్చి, ఆయనకి కారం లేందే ముద్ద దిగదు, పండుమిరప పచ్చడుంటే పెట్టమన్నారు. నాకు చెప్పారు గానీ తండ్రీ, ఒకళ్లకొకళ్లు చెప్పుకోలేదు. ఆ సంగతేదో నువ్వే చూడు."

నాకు నవ్వాగలేదు. మెల్లగా ఒక కన్ను తెరిచాను. మా ఆయన అప్పటికే నన్ను చూస్తున్నాడు.

ఆవిడ మాత్రం కళ్లు తెరవకుండానే, "ఇంకా ఆమెన్ అనలేదు, ముయ్యండి" అంది.