పేరు చెక్కుడు కూలి

ఎన్‌కౌంటర్‌లో కొడుకు పోయాడు. కేసు ఖర్చులకు రెండు మగ్గాలు పోయాయి. ఆ దిగులుతో భర్త పోయాడు. కోరుట్ల నుంచి సిరిసిల్ల పోయే బస్సులో నా పక్కన కూర్చున్న అవ్వ ఇవన్నీ వేళ్లు మడిచి చెప్పి, కొడుకు సమాధి రాయికి ఎంతవుతుందో లెక్క కట్టమంది.

కాగితం మీద రాశాను. రాయి నూట నలభై, బండి కిరాయి నలభై. చెక్కేవాడు అక్షరానికి మూడు రూపాయలు తీసుకుంటాడట, ఒత్తును కూడా అక్షరంగానే లెక్కేస్తాడట. ‘సత్తయ్య’కు పదిహేను. మొత్తం నూట తొంభై ఐదు. ఆమె కొంగున నూట ఎనభయ్యే ఉన్నాయి.

“ఒత్తులు తీసేస్తే అగ్గువైతదా కొడుకా?”

“గప్పుడు సతయ అయితడు అవ్వా.”

“సతయ అంటే పలుకడు,” అని కొంచెం నవ్వింది.

అంతలో బస్సు ఆపి పోలీసులు ఎక్కారు. కాగితం మీద చేతిరాత నాది. పేరు కనబడకుండా నల్లగా కొట్టేశాను.

ఎస్సై కాగితం లాక్కున్నాడు. “ఏం రాయిరా ఇది?”

“బట్టలుతికే రాయి సార్.”

నా ఒళ్లో పడేసి దిగిపోయాడు. అవ్వ ఆ నల్లటి మరకను చాలాసేపు చూసింది.

“ఇగ సరిపోతయి కొడుకా. నూట ఎనభై,” అని కాగితాన్ని కొంగున ముడేసుకుంది.

అప్పుడు నా జేబులో ఇరవై రెండు రూపాయలున్నాయి.

ఆమెకు నేను ఇప్పటికీ బాకీ: మూడు అక్షరాలు, రెండు ఒత్తులు.