హిరోషిమా ఆకు, నెల్లూరు కాజా

నిన్న దుబాయ్ దేరాలో ఒక జపాన్ సరుకుల కొట్లో ఆకు ఆకారంలో ఉన్న చిన్న కేకుల డబ్బా చూసి అక్కడే నిలబడిపోయాను. రెండు వేల అయిదు ప్రాంతంలో ఆ పక్కనే నైఫ్ పేటలో పెరిగిన మనలో ఇంకెవరైనా ఇవి తిన్నారా?

మా నాయన ఒక జపాన్ కంపెనీ ఆఫీసులో టీలు పెట్టేవాడు. అక్కడ ఎవరు సొంతూరికి వెళ్ళొచ్చినా ఆ ఊరి తీపి తెచ్చి మనిషికొకటి పంచాలి. మేనేజరును నాయన ముదీర్ అనేవాడు. ఆయనది హిరోషిమా. టీ మనిషిని కూడా మరిచిపోయేవాడు కాదు. నాయన తన వంతు ఆకు కేకును టిష్యూలో చుట్టి ఇంటికి తెచ్చేవాడు. లోపల బొబ్బట్టు పూర్ణంలాంటి ముద్ద. అది చెదరకుండా అమ్మ దారంతో కోసి అందరికీ పెట్టేది.

ఒకసారి మా అవ్వ పోయిందని నాయన నెల్లూరు వెళ్ళి, వచ్చేటప్పుడు మలై కాజాల డబ్బా తెచ్చాడు.

"చావింటి నించి వస్తా తీపి తెస్తారా ఎవురన్నా?" అంది అమ్మ.

"వాళ్ళందురూ వాళ్ళ ఊరి తీపి నాకు పెట్టారు. మా అమ్మ ఊరిది వాళ్ళూ తినాల," అన్నాడు నాయన.

సంగతి తెలిసిన ముదీర్ కాజాను రెండు చేతులతో అందుకుని, నాయనకు తల వంచాడట.

పోయిన నెల నాయనను నెల్లూరులో మట్టి చేసి వచ్చాను. నేనూ కాజాలు తెచ్చాను. ఆయన ఆఫీసు ఎప్పుడో మూతపడింది. మా ఆఫీసులో తీపి పెడితే, ఏంటి శుభవార్త అని నవ్వుతూ అడుగుతారు.

కాజాల డబ్బా ఇంకా విప్పలేదు.