గంగులు ఆపిన తుప్పు

పూసపాటిరేగ అవతల సముద్రపు ఒడ్డున ఏ పడవ ఇంజను మొరాయించినా గంగులుకే కబురు పెడతారు. చప్పుడు విని రోగం చెప్పేస్తాడు. కొత్త ఇంజను ఎవరు తెచ్చినా, ముందుగా నీళ్లలో మునిగే భాగానికి జింకు ముక్క బిగిస్తాడు. ఉప్పునీరు ఆ ముక్కను తింటుంది, ఇంజను జోలికి పోదు. ఈ సంగతి బాగా తెలియడమే అతని కొంప ముంచింది.

తాతమ్మ అతని భార్య. కరోనా రోజుల్లో ఆమెకు పది రోజులకని జింకు మాత్రలు రాశారు. అవి అయిపోయే వేళకు గంగులు ఫోనులో ఓ వీడియో చూశాడు. ఒంట్లోనూ తుప్పులాంటిది పడుతుందట, దాని పేరు ఆక్సిడేటివ్ స్ట్రెస్ అట, జింకు దాన్ని ఆపుతుందట. ఇంకేముంది! "ఇంజనుకి పనికొచ్చింది మనిసికి పనికిరాదేటి?" అని డబ్బాలకు డబ్బాలు తెచ్చి, ఇద్దరికీ రోజూ మొదలెట్టాడు. తాను మాత్రం కడుపులో తిప్పుతోందని మూడోనాడే మానేశాడు.

మూడేళ్లు గడిచాయి. గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా చేపలమ్మే తాతమ్మ, మెట్టు దిగితే తూలడం మొదలెట్టింది. "పాదాల కింద నేల తెలీడం లేదు మావా" అంటే, "వయసైపోతన్నాది, ఏటి సేస్తాం" అని కొట్టిపారేశాడు మహానుభావుడు. సంతలో గంపతో సహా పడిపోయాక గానీ విజయనగరం తీసుకెళ్లలేదు.

డాక్టరు అరుణశ్రీ రక్తపరీక్షల కాగితం చూసింది. వాడే మందులేవని అడిగి, జింకు డబ్బా చూడగానే ముఖం చిట్లించింది. "ఒంట్లో తుప్పు ఆపుతాదనమ్మా," అంది తాతమ్మ.

"కొంచెం జింకు మంచిదేనమ్మా. ఏళ్లతరబడి ఇంతింత మింగితే ఒంటికి రాగి పట్టనివ్వదు. రాగి లేకపోతే రక్తం తగ్గిపోతుంది, నరాలు చెడతాయి. మీరు ఆపాలనుకున్న తుప్పు కూడా పెరుగుతుంది. ఎవరిచ్చారు మీకు?"



"నానే మింగీసినానమ్మా," అంది తాతమ్మ. "సదువు లేనోల్లం."

డాక్టరు ఆమెనే కోప్పడింది. రాగి మందు రాస్తాను, రక్తం మళ్లీ పడుతుంది, పాదాలకు మునుపటి పట్టు వస్తుందో రాదో మాత్రం చెప్పలేను అంది. తనకు రావలసిన చీవాట్లన్నీ తాతమ్మ తలూపుతూ వింటుంటే గంగులు సిగ్గుతో చచ్చిపోయాడు.

"నానే ఇచ్చినానమ్మా," అన్నాడు చివరికి.

"రోజుకి ఒకటేనా? ఒక్క మాత్రకి ఇంత దూరం రాదే."

గంగులు తలెత్తలేదు. "ఒకటి మింగీది. ఇంకోటి వొద్దనీది. తూలతన్నాదంటే తుప్పు ముదిరిపోనాదనుకున్నాను. మరో రెండు పొడి సేసి మజ్జిగలో కలిపీవోడ్ని. దానికి తెల్దు."

తాతమ్మ అతని వైపు తిరిగింది.

"మజ్జిగ సిలుము వాసనేస్తన్నాదంటే, నీ నాలికే పాడైపోనాదన్నావు గదా మావా," అంది. "నిజివే అనుకున్నాను."