పంటితో తెంపిన దారం

దారాన్ని పంటితో తెంపడం ఆ దర్జీకి ముప్పై ఏళ్ల అలవాటు. కత్తెర చేతికందే చోటే ఉన్నా దాన్ని బట్టకే వాడేవాడు. పై వరుసలో ముందు పంటికి దారం పట్టేంత సన్నని గాడి పడింది. మెడలో ఎప్పుడూ టేపు వేలాడుతుంది కనుక వీధంతా అతణ్ణి టేపు మామయ్య అంటుంది. దుకాణం గుమ్మం పక్కన పీట వేసుకుని అతని అక్క కాజాలు కుట్టేది. పెళ్లికి ముందూ ఇదే పని, భర్త పోయాకా ఇదే పని.

రెండేళ్ల కిందట స్కానింగులో అతని కాలేయంలో కణితి కనిపించింది. క్యాన్సరే. ఒక పక్కనే ఉంది కాబట్టి కోసి తీసేయవచ్చన్నారు. అయితే సర్జన్ రక్తపరీక్షల ఫలితం చూసి ఆగాడు. అక్క కూడా పక్కనే కూర్చుని వింటోంది.

"కణితి ఎంతుందో స్కాన్ చెబుతుంది. ఆపరేషన్‌ని ఒళ్లు ఎంతవరకు తట్టుకుంటుందో, తర్వాత ఎలా ఉంటుందో రక్తం కొంత చెబుతుంది. మీకు అల్బుమిన్ తక్కువగా ఉంది. ఒంటికి పోషణ చాలడం లేదు. సీఆర్‌పీ ఎక్కువగా ఉంది, అంటే లోపల ఎక్కడో వాపు ఉంది. ఈ రెండూ ఇలా ఉన్నవాళ్లు సాధారణంగా అంత బాగా కోలుకోరు."

"కొలతలు కుదరందే కత్తెర పెట్టరన్నమాట," అన్నాడు దర్జీ.

సర్జన్ నవ్వలేదు. "అంతే. జ్వరం, పుండు, పంటి నొప్పి లాంటివేమైనా ఉన్నాయా?"

"ఏం లేవండీ."

అప్పటికే ఆ గాడి పడ్డ పంటి మొదట్లో చీము పట్టి ఉంది. చెబితే ముందు పన్ను చూపించుకు రమ్మంటారని, ఆపరేషన్ వెనక్కి పోతుందని అతని భయం. మూడు వారాలు బాగా తిని రమ్మన్నారు. అక్క గుడ్లు, పాలు, పప్పు వేళ తప్పకుండా పెట్టేది. అతను సగం వదిలేసి ఆకలి లేదనేవాడు. నమలలేక వదిలేస్తున్నాడని ఆమెకు తెలియదు. జబ్బు లక్షణం అనుకుంది.

మళ్లీ రక్తం తీశారు. అల్బుమిన్ కదల్లేదు. సీఆర్‌పీ ఇంకా పెరిగింది.

"ఇలాగే ఉంటే ఆపరేషన్ మాట మానుకోవాల్సి వస్తుంది," అన్నాడు సర్జన్.

దుకాణానికి తిరిగొచ్చి అతను మిషన్ ముందు కూర్చున్నాడు. అంచు కుట్టడం అయ్యాక కత్తెర తీసుకుని దారం కత్తిరించాడు. పీట మీద అక్క చేతిలో సూది ఆగింది.

"ఒరేయ్, ఎప్పట్నుంచిరా ఈ మర్యాద?"

"ఏ మర్యాద?"

"దారానికి కత్తెర. నాన్న తిట్టినా మానని వాడివి. ఏదీ, నోరు తెరువు."

"ఎవరైనా వస్తారక్కా."

"రానీ. చొక్కా కొలతలకొచ్చిన వాళ్లకి నీ పళ్లు కూడా చూపిద్దాం. తెరవరా."

తెరిచాడు. చిగురు ఉబ్బి ఎర్రగా ఉంది.

"డాక్టరు అడిగితే లేదన్నావు కదరా."

"వాయిదా వేస్తారని."

"ఇప్పుడు వేయలేదూ?"

మర్నాడు ఇద్దరూ వెళ్లి సర్జన్‌కు చెప్పారు. ఆయన అతణ్ణి చూసి, "అడిగాను కదా," అన్నాడు.

"అడిగారండీ."

ఆయన సరేనన్నాక పన్ను పీకించారు. చిగురు మానాక ముద్ద దిగడం మొదలైంది. తర్వాతి పరీక్షల్లో సీఆర్‌పీ దిగింది. అల్బుమిన్ నెమ్మదిగా పెరిగింది.

"అంకెలు మారాయి కానీ కణితి అదే," అన్నాడు సర్జన్. "గట్టెక్కే అవకాశం కొంచెం పెరిగింది. అంతకు మించి నేనేం చెప్పలేను." అని ఆపరేషన్‌కు తేదీ ఇచ్చాడు. కణితి ఉన్న మేరకు కాలేయాన్ని తీసేశారు. అతను కోలుకోవడానికి ఆ చలికాలమంతా పట్టింది.

ఇప్పుడు మూడు నెలలకోసారి రక్తం ఇచ్చి, స్కాన్ తీయించుకుని వస్తాడు. కణితి ఇంతవరకు తిరిగి రాలేదు. మధ్యాహ్నం దాకా కుట్టి ఇంటికి వెళ్లిపోతాడు. దారాలకని చిన్న కత్తెర ఒకటి మిషన్‌కు కట్టి ఉంటుంది.