ముందే రాసిన డైరీ

రెండో ప్రపంచ యుద్ధం ఇంకా నడుస్తున్న రోజులు. కిరసనాయిలు కూడా రేషనే. నడికుడికి రెండు మైళ్ల దూరంలో ఉన్న మా ఊళ్లో, మిషన్ బడిలో నేను టీచర్ని. స్కూలు ఫైనలు ప్యాసై ట్రైనింగు పూర్తిచేశాను. ఇంటరు చదవాలని ఉండేది గాని, ఉద్యోగం వదిలి గుంటూరు వెళ్లి కాలేజీలో చేరే వీలు లేదు.

అప్పుడే యూనివర్సిటీ వాళ్లు కొత్త పద్ధతి ఒకటి పెట్టారు. మారుమూల ఊళ్ల టీచర్లు ఇంటి దగ్గరే సొంతంగా చదువుకుని ఇంటరు పరీక్ష రాయొచ్చు. ప్రయోగంగా రెండేళ్లు చూస్తాం, ఆ తర్వాత సంగతి తర్వాత అన్నారు. నిబంధనలు మాత్రం బారెడు. ఏ రోజు ఏం చదివామో, ఎన్ని గంటలు చదివామో డైరీ రాయాలి. వారానికోసారి బి.ఏ. ప్యాసైన వారెవరైనా దానిమీద సంతకం పెట్టాలి. చివరికి స్కూళ్ల ఇన్‌స్పెక్టరు చూసి సరేనంటేనే దరఖాస్తు పైకి వెళుతుంది. ఒక్క రోజు రాసింది అబద్ధమని తేలినా మొత్తం డైరీ చెల్లదు. పల్నాడులో బి.ఏ.లేమన్నా చెట్లకు కాస్తున్నారా అని ఆ నిబంధనలు రాసిన మహానుభావులకు తోచినట్టు లేదు.

నాకు దొరికిన బి.ఏ. ఒక్కరే, నడికుడి స్టేషన్ మాస్టరు గారు. ముస్లిం పెద్దమనిషి, చరిత్ర అంటే ప్రాణం. శనివారం మధ్యాహ్నం బడి వదలగానే నడిచి వెళ్లేదాన్ని. మాచర్ల బండి వెళ్లిపోయాక తీరిగ్గా డైరీ తెరిచేవారు. "అక్బరు పాదుషాని రెండు గంటల్లో తేల్చేస్తావేందమ్మా, ఆయన నీకేం అపకారం చేశాడు?" అని నవ్వి, అప్పటిదాకా చదివినదాంట్లోంచి నాలుగు ప్రశ్నలడిగి సంతకం పెట్టేవారు.

నేను చేసిన పొరపాటు టీచర్లు తప్ప ఇంకెవరూ చెయ్యరు. బళ్లో పాఠాల నోట్సు ఎప్పుడూ ముందే రాస్తాం. వచ్చే వారం ఏ రోజు ఏ పాఠం చెప్పబోతామో శనివారానికల్లా రాసి హెడ్మాస్టరు సంతకం తీసుకోవాలి. ఆ అలవాటుతో ఈ డైరీ కూడా వచ్చే వారానిది ముందే రాసుకుని పట్టుకెళ్లేదాన్ని. టీచర్ల పద్ధతి ఇదే కాబోలనుకుని ఆయనా సంతకం పెట్టేవారు. రాసింది రాసినట్టు చదివేదాన్ని గనక నాకందులో తప్పేమీ కనపడలేదు.

రెండో ఏడు, పరీక్షకు ఇంకా రెండు నెలలుందనగా మా నాయన పోయాడు. సోమవారం మిరప చేలో కూలబడినవాడు మళ్లీ లేవలేదు. మంగళవారం పొద్దున సమాధి చేశాం. హెడ్మాస్టరు గారూ, తోటి టీచర్లూ అందరూ వచ్చారు. నేను బడికి మూడు రోజులు సెలవు పెట్టాను. డైరీ సంగతే నాకు గుర్తు లేదు.

నెల తర్వాత ఇన్‌స్పెక్టరు గారు బడికొచ్చారు. ఒక పక్క సెలవుల రిజిస్టరు, ఒక పక్క నా డైరీ పెట్టుకుని చూస్తూ చూస్తూ ఆగిపోయారు.

"ఏమ్మా, మీ నాయనగారి సమాధి అయిన రోజు చరిత్ర రెండు గంటలు చదివినట్టు రాశారే?"

హెడ్మాస్టరు గారూ, ఇద్దరు టీచర్లూ అక్కడే నిలబడి ఉన్నారు. ముందే రాసే అలవాటు గురించి చెప్పాను. ఆయన మంచివాడే, కోప్పడలేదు.

"ముందు రాసినా వెనక రాసినా రాసినట్టు చదివితే చాలు. నాకొద్దు ఆ నిబంధనలన్నీ. ఆ రోజు చదివారా లేదా, అంతే చెప్పండి."

ముగ్గురూ నా మొహంకేసి చూస్తున్నారు.

"చదవలేదండీ," అన్నాను.

ఆయన నిట్టూర్చి డైరీ మూసేశారు. దరఖాస్తు వెళ్లలేదు. ఆ ఏడాదితో ప్రయోగం అయిపోయిందని ఆ పద్ధతే ఎత్తేశారు. నేను ఇంటరు పరీక్ష రాయనేలేదు. నా నిజాయితీని హెడ్మాస్టరు గారు చాలాకాలం పదిమందికీ చెప్పుకునేవారు. విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

ఎందుకంటే ఆ రోజు నేను చదివాను. ఇంటినిండా ఏడుపులు. నాకు ఏడుపు రావడం లేదు, ఊపిరి ఆడటం లేదు. చరిత్ర పుస్తకం తీసుకుని గేదెల కొట్టంలో కూర్చుని పొద్దు గూకేదాకా చదివాను. అక్షరాల మీద కళ్లు ఆనించి ఉంచితేనే నేను నిలబడగలిగాను.

డైరీ చెల్లలేదని ఇంటికొచ్చి చెబితే అమ్మ పని ఆపి నావంక చూసింది.

"చదివావు గదే! గేదెకు గడ్డెయ్యడానికి వచ్చి నేను చూశాగా."

"నలుగురి ముందూ ఎట్టా చెప్పనమ్మా? నాయన్ని మట్టిలో పెట్టొచ్చి పుస్తకం పట్టుకుందంటే ఏమనుకుంటారు?"

"అనుకుంటే అనుకోనీ," అంది అమ్మ. "నువ్వు చదువుకుంటున్నావనేగా, ఏడ్చేవాళ్లందర్నీ ఆ పూట మీ పిన్నమ్మ వాళ్లింటికి పంపేశా."