రెండు డిస్కుల పెట్టె

మొన్న మా అన్నయ్య కొడుకు నాకొక కానుక తెచ్చాడు. సబ్బుబిళ్ళంత ఉన్న నల్లటి డ్రైవు, ఫొటోలూ వీడియోలూ దాచుకునేది. అట్ట మీద కంపెనీ పేరు చూడగానే దాన్ని బల్ల మీద పెట్టేశాను. లోపలి మడత కాగితంలో "మీ సృజనకు మా కాపలా" అని అచ్చు వేశారు. మా పిన్ని గొంతును పోగొట్టిన కంపెనీ అదేనని వాడికి తెలియదు, అప్పటికి వాడింకా పుట్టలేదు.

అమీర్‌పేటలో ఏ మెట్లెక్కినా ఏదో ఒక కంప్యూటర్ కోర్సు చెబుతున్న రోజులవి. మన తరంవాళ్ళలో ఆ మెట్లెక్కనివాళ్ళు తక్కువ. నేనూ ఒక కోర్సు కోసమే గుంటూరు నుంచి వచ్చి మధురానగర్‌లో బాబాయి ఇంట్లో దిగాను. ఆ కోర్సు నాకెందుకూ పనికిరాలేదు గాని, పంజగుట్టలో నగల దుకాణం పైన ఉన్న ఒక కంపెనీలో సర్వీసు కౌంటరు మీద కూర్చునే ఉద్యోగం వచ్చింది. ఫొటోగ్రాఫర్లకూ, వీడియో ఎడిటర్లకూ, ప్రకటనలు తీసేవాళ్ళకూ బయట తగిలించుకునే డ్రైవులు తయారుచేసే కంపెనీ అని బోర్డు. తయారీ అంటే, విదేశం నుంచి ఖాళీ అల్యూమినియం పెట్టెలు తెప్పించడం, టోకున కొన్న డిస్కులు అందులో పెట్టి మరలు బిగించడం, పైన తమ పేరున్న స్టిక్కరు అంటించడం.

యజమాని అంతకుముందు గ్రానైట్ వ్యాపారం చేశాడు. ఆయన కెమెరా పట్టుకోగా నేనెన్నడూ చూడలేదు. మా దగ్గర కొనేవాళ్ళను "కస్టమర్లు" అంటే ఆయనకు కోపం వచ్చేది, "సృష్టికర్తలు" అనాలి. మా ఇంట్లో ఆ మాట ఆదివారం ప్రార్థనలో తప్ప వాడేవాళ్ళం కాదు. రిసెప్షన్ గోడ నిండా మంచుకొండ మీద నిలబడ్డ ఒక తెల్లాయన ఫొటో ఉండేది. నిజంగా మా మెట్లెక్కి వచ్చేవాళ్ళు బోరబండ నుంచి, యూసఫ్‌గూడ నుంచి, స్కూటరుకు కెమెరా స్టాండు అడ్డంగా కట్టుకుని, భోజనం వేళ దాటాక చెమటతో వచ్చే పెళ్ళి వీడియోవాళ్ళు. వాళ్ళు సోఫాలో కూర్చుంటే మరకలు పడతాయని ఆయన ప్లాస్టిక్ కుర్చీలు వేయించాడు. సృష్టికర్తలకు ప్లాస్టిక్ కుర్చీలు.

మా బాబాయి కూడా పెళ్ళి వీడియోలు తీసేవాడు. రెండు గదుల ఇంట్లో ఒక గది ఎడిటింగుకి పోయింది, మిగిలిన గదిలో వాళ్ళిద్దరూ, నేనూ, వంటా. లైటు పట్టుకోవడానికి మనిషిని పెట్టుకునే స్తోమత లేక మొదట్లో పిన్నినే తీసుకువెళ్ళేవాడట, తరవాత మనిషి దొరికినా ఆమె మానలేదు. చేతులు లాగుతున్నా లైటు వంచేది కాదు, నోరు మాత్రం ఊరుకునేది కాదు. "మన పెళ్ళికి పెట్రోమాక్సే గతి, ఊళ్ళోవాళ్ళ పెళ్ళిళ్ళకు మాత్రం నేను సూర్యుణ్ణి మోయాలి" అని పదిమందిలో అనేది. బాబాయి కెమెరాలోంచి కన్ను తీయకుండానే, "సూర్యుడు కాస్త ఎడమకు జరగాలి" అనేవాడు.

ఆ పిన్నే చర్చిలో కీర్తన ఎత్తుకుంటే వెనక వరసలోవాళ్ళు కూడా మాటలు ఆపేవాళ్ళు. చదువుకున్న సంగీతం కాదు, తెనాలి దగ్గర వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్నది. పండగ ఆరాధనలూ, ఇంట్లో సాధనా బాబాయి ఏళ్ళ తరబడి టేపుల మీద తీశాడు. పిన్ని జ్వరంతో ఆస్పత్రిలో చేరి తిరిగి రాలేదు. ఆ తరవాత బాబాయికి ఒక్కటే పని మిగిలింది, సంవత్సరీకం నాటి జ్ఞాపకార్థ కూడికలో ఆమె పాటలు ఆమె గొంతుతోనే వినిపించాలి.

పిన్ని పోయిన కొన్నాళ్ళకు, నేనింకా ఆ ఉద్యోగంలో చేరకముందు, ఆ కంపెనీవాళ్ళు వీడియోవాళ్ళందరినీ పిలిచి భోజనం పెట్టి ఒక పెట్టెను చూపించారు. లోపల రెండు డిస్కులు. ఒక డిస్కు పాడైతే ఎలాగని బాబాయి ఒకటికి రెండుసార్లు అడిగాడట. అమ్మే కుర్రాడు, "ఒకటి పోతే ఇంకోటి ఉంటది అన్నా, జర ఫికర్ జెయ్యకు. ఇగ గా టేపులెందుకు, తిప్పి వాడుకో" అన్నాడట. ఆ పనిలో ఉన్న అలవాటే అది, టేపులో ఉన్నది కంప్యూటరులోకి ఎక్కాక ఆ టేపు మళ్ళీ కెమెరాలోకి వెళుతుంది. బాబాయి ఆ పెట్టె కొని, పాటలన్నీ జాగ్రత్తగా అందులోకి ఎక్కించి, ఒక్కొక్కటీ విని సరిచూసుకుని, ముహూర్తాలు రాగానే ఆ టేపుల మీద పెళ్ళిళ్ళు తీశాడు.

కూడికకు వారం ముందు పెట్టె టకటకమని కొట్టుకుని ఆగిపోయింది. బాబాయి దాన్ని తువాలులో చుట్టి నా కౌంటరుకే తెచ్చాడు. అసలు సంగతి మా ఇంజనీరు విప్పి చూపిస్తే గాని నాకూ తెలియలేదు. పెట్టె వెనక చిన్న మీట ఉంది. దాన్ని ఒక వైపు జరిపితే ఎక్కించినదంతా రెండు డిస్కుల మీదా రాసుకుంటుంది, చోటు సగానికి తగ్గుతుంది. రెండో వైపు జరిపితే సగం ఇందులో, సగం అందులో ముక్కలుగా రాస్తుంది, చోటు రెట్టింపు. అట్ట మీద పెద్ద అంకె వేసుకోవచ్చని కంపెనీ అన్ని పెట్టెలనూ రెండో వైపుకే జరిపి అమ్మింది. ఒక డిస్కు చస్తే రెండోది బతికున్నా అందులో ఉండేది పాటల తునకలే. వాటిని ఏ యంత్రమూ అతకలేదు.

యజమాని బయటికి వచ్చి చాలా మర్యాదగా మాట్లాడాడు. "మీరు బ్యాకప్ పెట్టుకోలేదాండీ?" అని అడిగాడు. ఇదే బ్యాకప్ అనుకున్నానని బాబాయి అన్నాడు. "వారంటీలోనే ఉందండీ, కొత్త పెట్టె ఇచ్చేస్తాం, మీరేం కట్టక్కర్లేదు" అని ఆయన ఉదారంగా నవ్వి, ఆ నవ్వుతోనే ఫోను అందుకున్నాడు. మనుషులను మోసం చేసేవాళ్ళ గురించి చదివాను, అలాంటివాళ్ళను చూశాను. మోసం చేశానన్న సంగతి కూడా పట్టనంత సుఖంగా ఉన్నవాణ్ణి మాత్రం అక్కడే చూశాను. బాబాయి కొత్త పెట్టెను కౌంటరు మీదే వదిలి, పాతదాన్ని తువాలులో చుట్టుకుని వెళ్ళిపోయాడు.

కూడికలో సంఘంవాళ్ళే పాడారు. బాబాయి కీర్తనల పుస్తకం తెరవలేదు.

ఆ తరవాతి వేసవిలో ఒక మధ్యాహ్నం బాబాయి ఎవరిదో రిసెప్షన్ టేపు కంప్యూటరులోకి ఎక్కిస్తూ, ఆపడం మరిచి అన్నానికి వచ్చాడు. నేను చారు వడ్డిస్తున్నాను. లోపలి గదిలో పెళ్ళివారి బ్యాండు ఆగింది, కాసేపు బరబరమంది, తరవాత పిన్ని పాడింది. చివరి చరణం, సగం నుంచి. పాట అయ్యాక గొంతు సవరించుకుని, "అయిందా? ఆపేశారా? ఆపండి మరి, అవతల కూర మాడుతోంది" అంది.

పెళ్ళివారి తంతు టేపు నిండకముందే ముగిసింది, ఆ చివర పాతది చెరగకుండా మిగిలింది. బాబాయి ఎంగిలి చేత్తోనే వెళ్ళి కంప్యూటరు ముందు నిలబడ్డాడు. ఆ నెలంతా తన టేపులన్నీ చివరిదాకా చూశాడు. ఎవరెవరి అప్పగింతలో, తాంబూలాలో, చేతులు కడుక్కునే చుట్టాలో అయిపోయేదాకా కూర్చునేవాడు. చాలావాటిలో ఏమీ లేదు, అంచుదాకా పెళ్ళే. మూడింటిలో ఆమె ఉంది. ఆ మూడింటికీ మళ్ళీ రాయడానికి వీలులేకుండా తాళపు మీట జరిపి, బీరువాలో ఆమె చీరల మధ్య పెట్టాడు.

బాబాయి పోయి చాలా కాలమైంది. టేపులు నా దగ్గరున్నాయి, వాటిని ఆడించే కెమెరా పాడైంది. బాగుచేసేవాళ్ళ కోసం అమీర్‌పేటంతా తిరిగాను. ఒకప్పుడు వీడియో ల్యాబులున్న చోట ఫోన్ల దుకాణాలు, వాటి నెత్తిన మెట్రో. కంపెనీ అద్దాల భవనంలోకి మారింది. యజమాని ఫొటో పంజగుట్ట చౌరస్తాలో పెద్ద బోర్డు మీద చూశాను, ఈసారి ఆయన చేతిలో కెమెరా ఉంది. టోపీ మాత్రం తీయలేదు, కెమెరా మూతి మీది టోపీ.

ఖైరతాబాద్‌లో ఒకాయన దగ్గర పాత యంత్రం ఉందని మేనల్లుడు కనుక్కున్నాడు. డ్రైవు అందుకే తెచ్చాడు పాపం. కాపీలు రెండు వేరు వేరు చోట్ల పెట్టాలన్నాను, టేపులు వెనక్కి తెచ్చి నా చేతికివ్వాలన్నాను.

"కాపీ అయ్యాక ఆ పాత టేపులెందుకత్తా?" అని నవ్వాడు.

వాడి ఫోనులో ఒక్క వేలితో నొక్కితే ఏదైనా పోతుంది, దేని చివరా ఏదీ మిగలదు. ఆ మిగులు ఎంత గొప్పదో వాడికి చెప్పి ఒప్పించలేను. టేపులు మూడూ పిన్ని పాత నేత చీరలో చుట్టి ఇచ్చాను. చీర కూడా వెనక్కి తెమ్మన్నాను.