గాలి వదిన

"మొన్న గాలన్నావు. నిన్న గాలన్నావు. నీ గాలికి రెయిలింగు మీద ఆరేసిన నా బనీను కూడా ఆరలేదు!"

"సముద్రమేమైనా నా మొగుడా, నేను చెప్పినట్టు వినడానికి?"

"మొగుడు మాత్రం ఎప్పుడు విన్నాడు? జరుగు, పాసింజర్లు ఎదురుచూస్తున్నారు."

"ఇవాళ నైరుతి గాలి లేస్తుందయ్యా బాబూ! ఆటు మొదలైందంటే లోపలికి రాలేవు!"

"రాకపోతే దీవిలోనే కాపురం పెడతాలే. చెవులకి సుఖం."

"పెట్టు! అక్కడ నీకు వండి వార్చే దిక్కెవరో నేనూ చూస్తా!"

అప్పుడు వైర్‌లెస్ గరగరలాడింది, బోట్లలోంచి ఎవరిదో గొంతు. "వదినా, బటన్ నొక్కే ఉంది. ఫరవాలేదు, కానివ్వండి. మేం ఇంజన్లు ఆపుకుని మరీ వింటున్నాం."

బటన్ మీదున్న మోచెయ్యి తీసి వదిన తల పట్టుకుంది. మొగుడు ఇనప మెట్లు దబదబా దిగిపోయాడు.

ఆ మెట్ల పైనున్న అద్దాల గదే వదిన ఆఫీసు. ముగ్గురు నిలబడితే నాలుగోవాడు ఊపిరి బిగబట్టాలి. కప్పు మీద గిర్రున తిరిగే గిన్నెల గాలిమీటరు, దాని ముల్లు లోపల గోడ మీద, ఒక ఫోను, ఒక బైనాక్యులర్, ఒక మైకు. వాతావరణ ఆఫీసు చెప్పిన గాలినీ అలల ఎత్తునీ తన ముల్లుతో సరిచూసుకుని మైకులో చెప్పడం ఆవిడ పని. బటన్ నొక్కితే మాట జెట్టీ లౌడ్‌స్పీకర్‌కీ, బోట్లలోని వైర్‌లెస్‌లకీ ఒకేసారి పోతుంది. అంతకుముందు ఆవిడ టిక్కెట్ల కౌంటర్లో ఉండేది. "లైన్లో రండి" అని అరిస్తే రోడ్డు మీద బస్సు కూడా ఆగేదట. ఆ గొంతు చూసే మైకిచ్చారు.

మొగుడు సరంగు, దీపస్తంభం ఉన్న దీవికి జనాన్ని తిప్పే బోటు ఆయనది. మిగతా సరంగులందరికీ ఆయన అన్న. అందుకే ఆవిడ అందరికీ వదిన. గాలి వదిన.

ఆ వదిన మాటకి విలువ పోయి రెండ్రోజులైంది. వరసగా రెండుసార్లు బోట్లు ఆపించింది, రెండుసార్లూ నీళ్ళు అద్దంలా పడుకున్నాయి. మూడోసారి ఎవరు నమ్ముతారు? ఆవిడ "గాలి" అనగానే సరంగులు వైర్‌లెస్ గొంతు నొక్కేసి పాటలు పెట్టుకుంటున్నారు. ఆ పొద్దున చిన్నా పెద్దా కలిపి తొమ్మిది బోట్లు హాయిగా బయటికి పోయాయి. అన్నిటికన్నా దూరం పోయింది ఆవిడ మొగుడే.

పొద్దెక్కేసరికి గిన్నెలు ఆగిపోయాయి. వదినకి ఆ ఆగడం నచ్చలేదు. కాసేపటికి ఒకటి కదిలింది, తర్వాత అన్నీ పిచ్చెత్తినట్టు తిరిగాయి. దూరంగా నీటి మీద నల్లటి గీత, దాని వెనక తెల్లటి నురగ. ఇంకాసేపట్లో ఆటు మొదలై నీళ్ళు వెనక్కి తీస్తాయి. హార్బరు నోరంటే రెండు రాతి గోడల మధ్య సందు. బయటికి లాగే నీళ్ళూ లోపలికి తోసే గాలీ ఆ సందులో ఎదురుపడ్డాయంటే అలలు గోడల్లా నిలబడతాయి. చిన్న బోట్లు దాటలేవు.

"అందరూ వినండి! నైరుతి గాలి, గంటకి నలభై ఐదు! అలలు రెండున్నర మీటర్లు! వెంటనే వెనక్కి తిప్పండి!"

"అలాగే వదినా. బనీను ఆరితే చెప్పండి."

ఇంకొకడి దగ్గర్నించి పాట వినిపించింది. మిగతావాళ్ళ దగ్గర్నించి అదీ లేదు.

వదినకి ఏడుపొచ్చింది. ఆ వెనకే ఒక సంగతి తట్టింది. ఈ సన్నాసులు అంకెలకి సౌండు తగ్గిస్తారు, మొగుడూపెళ్ళాల గొడవకైతే ఇంజన్లే ఆపేస్తారు. బటన్ గట్టిగా నొక్కింది.

"సరే, గాలి సంగతి వదిలేయండి. మీ అన్న సంగతి చెప్తా. ఆ నల్లటి మీసం ఉంది చూశారూ, అది బూటు పాలిష్."

పాట ఆగింది.

"ఇంట్లో బొద్దింక కనిపిస్తే ఈ సముద్రపు పులి బల్లెక్కి నన్ను పిలుస్తాడు."

"ఏయ్! ఆపు!" మొగుడి గొంతు కీచుమంది. "పాసింజర్లు వింటున్నారే!"

"విననీ. పెళ్ళయిన కొత్తలో నన్ను మొదటిసారి బోటెక్కించాడు. నేలమీదున్నంతసేపూ ఒకటే డాబు. నడిసముద్రంలోకి వెళ్ళేసరికి ఏం జరిగిందో తెలుసా?"

"ఏం జరిగింది వదినా?" నాలుగైదు గొంతులు ఒక్కసారి.

"వైర్‌లెస్‌లో చెప్పేది కాదు. జెట్టీకి రండి, చెప్తా. ముందొచ్చిన వాళ్ళకి ముందు వరస. ఆటు మొదలయ్యాక వచ్చినవాళ్ళకి చెప్పను."

బైనాక్యులర్లో చూస్తే ఎనిమిది బోట్లు ఒక్కసారి మూతి తిప్పాయి. పోటీ పరుగే అనుకోండి. తొమ్మిదోది మొగుడిది. దాంట్లోంచి ఒక ముసలావిడ గొంతు వైర్‌లెస్‌లో పడింది: "దీవి ఎక్కడికీ పోదు గానీ, తిప్పు నాయనా, మిగతాది వినాలి!"

ఎనిమిదీ లోపలికొచ్చాయి. తొమ్మిదోది సందు దగ్గరికొచ్చేసరికి గాలి విరుచుకుపడింది, ఆటు మొదలై నీళ్ళు ఎదురు తిరిగాయి. జెట్టీ మీద నవ్వు చప్పున చల్లారింది. వదిన గొంతులో వెటకారం పోయింది.

"ఆగు. ఇప్పుడు కాదు. వెనక పెద్ద అల వస్తోంది, పోనీ. ఇంకొకటి. దాన్నీ పోనీ."

"ఊఁ."

"ఇప్పుడు! పూర్తి స్పీడు పెట్టు, ఇంజను తగ్గించకు!"

బోటు అల వీపెక్కి సందులోంచి సర్రున జారి లోపల పడింది. జెట్టీ మీద కేకలు, ఈలలు. పాసింజర్లు తడిసి ముద్దయి, ఒకరినొకరు పట్టుకుని పగలబడి నవ్వుతున్నారు. మొగుడు దిగాడు. పాలిష్ కరిగి గడ్డం దాకా కారింది.

"చెప్పండి వదినా!" అని సరంగులు మెట్ల కింద మూగారు.

"అదెందుకు, నేనే చెప్తా," అన్నాడాయన ముఖం తుడుచుకుని ఇంకా నల్లగా చేసుకుంటూ. "కక్కుకున్నాను. బోటు మీ వదినే తోలుకొచ్చింది. ఇవాళ్టిలాగే. చాలా?"

వదిన మెట్ల మీదే కూలబడి కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది.

తర్వాత నుంచీ చిక్కంతా అదే. వదిన మైకు పట్టుకుంటే చాలు, "ఇవాళ అన్న సంగతేం లేదా?" అని మొదలెడతారు. లేదంటే పాటలు పెట్టుకుంటారు. ఈ కథ అడిగి రాసుకోవడానికి ఆ అద్దాల గదికి వెళ్ళినవాడు కూడా మొగుడి ముచ్చట్లే ఇంకో రెండు రాబట్టాలని చూశాడు. ఆవిడ గోడ మీద ముల్లు వైపు చూసి, కుర్చీ అతని వైపు తోసింది.

"అవి అయిపోయాయి బాబూ. ఇక చెప్పనని మా ఆయనకి మాట కూడా ఇచ్చాను. రేపు మళ్ళీ నైరుతి గాలి, అలలు రెండు మీటర్లు. రాసేవాడివి కదా, కూర్చో. మా ఆయన ఊసెత్తకుండా, ఈ సన్నాసులు సౌండు పెంచుకుని మరీ వినేటట్టు నాలుగు ముక్కలు రాసిపెట్టు."